తొప్పికి రవ్వ

సింహాద్రి మూడు రాత్రులుగా పడుకోలేదు. అదీ వచ్చిన గొడవ.

పడుకోలేదంటే నిద్ర పట్టక బాధపడుతున్నాడని కాదు. పట్టరాని హుషారు. తెల్లవార్లూ మృదంగం మీద ముక్తాయింపులు కట్టడం, కట్టినవన్నీ నాకు ఫోన్లో వినిపించడం. నేను పోస్టాఫీసు వాణ్ణి, పొద్దున్నే వెళ్ళి టపా సంచులు విప్పాల్సినవాణ్ణి. గున్నేశ్వర్రావు మాస్టారి దగ్గర మేమిద్దరం మృదంగం నేర్చుకున్నాం. నాకు చెయ్యి రాలేదు, నోరొక్కటే వచ్చింది. వాడికి చెయ్యి వచ్చింది. అలాంటి చెయ్యి మా విజయనగరంలో నేనెరిగి మరొకడికి రాలేదు. కుళ్ళుకుంటూనే చెబుతున్నాను.

ఆ చేతితో పాటు వాడికి ఒక జబ్బు కూడా ఉంది. విశాఖలో డాక్టరమ్మ దాన్ని బైపోలార్ అంది. కొన్నాళ్ళు ఆకాశం, కొన్నాళ్ళు పాతాళం. రోజూ వేసుకోవలసిన మాత్రలు రోజూ వేసుకుంటాడు, అందులో వంక పెట్టడానికి లేదు. అవి కాక ఇంకో మాత్ర ఉంది. చీటీలో దాని పక్కన ఆవిడ 'అవసరమైతే, రాత్రి ఒకటి' అని రాసింది. వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా, మాట పరుగెత్తినా అది వేసుకుని తనకి ఫోన్ చెయ్యమంది.

చిక్కంతా ఆ 'అవసరమైతే' దగ్గరే. ఆకాశంలో ఉన్నవాడికి అవసరం ఎక్కడ కనబడుతుంది? ఇంత బాగా జన్మలో లేను, నాకెందుకు మాత్ర అంటాడు. పైగా అది వేసుకుంటే చెయ్యి బరువెక్కిపోతుందని లోపల భయం.

రెండేళ్ళ క్రితం కూడా ఇలాగే అన్నాడు. బొబ్బిలిలో కచేరీ. పాట ఆపి మృదంగానికి వదిలేసే ఘట్టం వచ్చింది. పది నిమిషాల్లో ముగించాల్సినవాడు నలభై నిమిషాలైనా ఆపలేదు. చివరికి గాయకుడు లేచొచ్చి వాడి చేతులు పట్టుకున్నాడు. వీడు వేదిక దిగి అటే నడుచుకుంటూ పోయాడు. ఎనిమిది రోజులకి దొరికాడు. నెల రోజులు ఆసుపత్రి, ఆ తర్వాత నాలుగు నెలలు గోడకేసి తిరిగి పడుకోవడం. ఆ మీదట ఒక్కరంటే ఒక్కరు కచేరీకి పిలవలేదు.

ఇప్పుడు పిలిచారు. విజయవాడ నుంచి పెద్ద గాయని వస్తోంది. మాస్టారు స్వయంగా కచేరీ పెట్టేవాళ్ళ ఇంటికి వెళ్ళి, మా వాడు వాయిస్తాడు, పూచీ నాది అని చెప్పి వచ్చారు. మాస్టారు ఇంకొకరి గుమ్మం ఎక్కి అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఈ కచేరీ పాడైతే మళ్ళీ సింహాద్రి పేరు ఎత్తేవాళ్ళుండరని మా అందరికీ తెలుసు.

కచేరీ ముందురోజు మధ్యాహ్నం, హాలు ఎలా పలుకుతుందో చూద్దామని మాస్టారు మమ్మల్ని రమ్మన్నారు. సింహాద్రి వెంట వాళ్ళ అప్ప నూకరత్నం కూడా వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ మున్సిపల్ బడిలో పిల్లలకి వంట చేస్తుంది. ఆ మాత్రల అట్ట ఆవిడ చేతిసంచీలోనే ఉంది. నిద్ర లేదురా, ఒకటి వేసుకోరా అని అంతకు ముందురోజు అన్నదట. నీకు తాళం తెలుసా, కాలం తెలుసా, నా సంగతి నీకేం తెలుసు అని కసిరాడట. ఇక ఆవిడ నోరు విప్పలేదు. హాల్లోకి రాగానే పోయి చివరి వరసలో కూర్చుంది.

మృదంగం సంగతి ఒకటి చెప్పాలి. కుడి మూత మీద నల్లటి చక్రం ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఎడమ మూతని తొప్పి అంటారు. దానికి మాత్రం వాయించబోయే ముందు తడిపిన రవ్వ ముద్ద పెట్టాలి, అయిపోయాక గీకెయ్యాలి. పెడితేనే గుమ్మంటుంది. చాలకపోతే ఉత్త తోలు చప్పుడు, ఎక్కువైతే మూగ. ఎంత పెట్టాలన్నది ఆ పూట ఎండనీ గాలినీ బట్టి ఉంటుంది.

సింహాద్రి ఏదో గలగలా చెబుతూనే గోళీకాయంత రవ్వ పెట్టి వాయించడం మొదలెట్టాడు. వేళ్ళు కంటికి ఆనలేదు. ఎడమ వైపు మాత్రం చప్పటి తోలు. నాపాటివాడికే తెలిసిపోయింది, వాడికి తెలియలేదు. ఎలా ఉంది మాస్టారూ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్ళీ అందుకున్నాడు.

తిట్లకి మాస్టారు పెట్టింది పేరు. ఆరోజు తిట్టలేదు. మృదంగం ఇలా ఇమ్మని తన ఒళ్ళోకి తీసుకున్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎడమ చేత్తో ఒకే ఒక్క దెబ్బ కొట్టి, హాలు చివరికి చూశారు.

"అమ్మా నూకరత్నం, ఎలా వినబడతందమ్మా?"

ఆవిడ కంగారుగా లేచి నిలబడింది. నాకు సంగీతం రాదు బాబూ అంది. రాకపోతే మరీ మంచిది, చెవిన పడ్డది చెప్పు అన్నారు మాస్టారు.

"టపటపమంతంది మాస్టారూ."

మాస్టారు నిమ్మకాయంత రవ్వ తీసి అద్దారు. మళ్ళీ కొట్టి, మళ్ళీ అటు చూశారు. ఇప్పుడు గొంతు పూడుకుపోయినట్టుందని ఆవిడ భయపడుతూ చెప్పింది. మాస్టారు బొటనవేలితో కొంచెం గీకేశారు. మూడోసారి కొట్టేసరికి నూకరత్నం పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇక్కడ వినబడతంది," అంది.

మాస్టారు తలాడించి చెయ్యి తుడుచుకున్నారు. ఆయన పక్కన ఉంటే చాలనుకునే గాయకులు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ మనిషి బడిలో వంట చేసుకునే ఆవిణ్ణి మూడుసార్లు అడిగి, చెప్పిందల్లా చేశారు. నాకైతే లేచి దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన శిష్యుణ్ణని చెప్పుకోవడం నాకు ఎప్పుడూ గొప్పే, ఆ పూట ఇంకాస్త గొప్పగా అనిపించింది.

సింహాద్రికి మండిపోయింది.

"అప్పకేటి తెలుసు మాస్టారూ? యాభై ఏళ్ళ నుంచి వాయిస్తన్నారు. ఎంత అవసరమో మీకు తెలీదా?"

మాస్టారు మృదంగం వాడి ఒళ్ళో పెట్టేశారు.

"యాభై ఏళ్ళ నుంచీ నా తొప్పి నాకు వినబడలేదురా. ఎప్పుడూ చివరి వరసలో ఎవర్నో ఒకర్ని కూచోబెట్టుకున్నాను."

అంతే. ఇంకో ముక్క అనలేదు. నా వైపు తిరిగి ఫ్లాస్కులో కాఫీ ఉందా అని అడిగారు.

సింహాద్రి ఏదో అనబోయి సగంలో ఆగిపోయాడు. మూడు రోజుల్లో వాడు మాట మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదలు. తొప్పి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ మోత హాలంతా తిరిగి సద్దుమణిగేదాకా విన్నాడు. మృదంగం పక్కన పెట్టి, వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ చివరి వరసకి పోయాడు. నూకరత్నం కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"అప్పా, నేనెలా వినబడతన్నాను?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వాడి తల మీద చెయ్యి వేసింది.

"టపటపమంతన్నావురా," అంది.

వాడు తల దించుకున్నాడు. ముందు డాక్టరమ్మకి ఫోన్ కలపమని అప్పకి చెప్పాడు. వాడు చెప్పిన రెండో మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"రాత్రి నేను అడగను. వద్దని కూడా అంటానేమో. అయినా మాత్ర చేతిలో పెట్టెయ్."

మాస్టారు అటు చూడనే లేదు. కాఫీ తాగి, గ్లాసు నా చేతికిస్తూ అన్నారు.

"రేపు ఆ కుర్చీలో ఎవర్నీ కూచోనివ్వకు. అది నూకరత్నానిది."