జీళ్ళ పొట్లం మీది కోతి

‘జీళ్ళోయ్ జీళ్ళు, పొట్లానికో బొమ్మ, తెర మీద ఆడేటి...’ ఆ తర్వాత ఏమిటో నాంచారమ్మకు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆమె చిన్నప్పుడు జాతరలో జీళ్ళు అమ్మేవాడు అలా పాడుకుంటూ వచ్చేవాడు. తోలుబొమ్మలాటలో కనిపించే బొమ్మల్నే వేలెడంత చేసి, పొట్లానికొకటి కట్టి ఊరికే ఇచ్చేవాడు. అలా దొరికిన కోతిబొమ్మను నాంచారమ్మ అరవై ఏళ్ళుగా కొంగున ముడివేసుకునే తిరుగుతోంది.

ఊరి దొర వీరభూపతికి ఆ బొమ్మల పిచ్చి. మొత్తం వంద రకాల్లో తొంభైతొమ్మిది సంపాదించాడు, అవీ మూతి విప్పని పొట్లాలతో సహా. మిగిలింది కోతి ఒక్కటే. నాంచారమ్మ ఇవ్వనంది. దొర ఆమెను కచేరీకి పిలిపించాడు.

“జీళ్ళు తిన్నవాళ్ళకే బొమ్మ అని జీళ్ళవాడి కట్టుబాటు. నువ్వు తిన్నట్టు సాక్ష్యం ఉందా?”

“చూసినవాళ్ళంతా పోయారు దొరా.”

“అయితే బొమ్మ నీది కాదు. అక్కడ పెట్టు.”

నాంచారమ్మ కొంగు ముడి విప్పింది. బొమ్మను దొర ముందు పెట్టి నెమ్మదిగా అడిగింది.

“కట్టుబాటు అందరికీ ఒకటే కదా బాబూ. తమరి భోషాణంలో పొట్లాలన్నీ మూతి విప్పకుండానే ఉన్నాయట. మరి వాటిలోని జీళ్ళు ఎవరు తింటే ఆ బొమ్మలు వాళ్ళవేనా?”

వీధిలో ఆడుకుంటున్న పిల్లల కేకలు లోపలికి వినిపించాయి. దొర అటొకసారి చూసి, గబగబా కోతిని ఆమె చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

“తీసుకెళ్ళు అవ్వా. ఈ కట్టుబాటు సంగతి మాత్రం పిల్లల చెవిన వేయకు.”