తాటిచెట్టు తెచ్చిన జవాబు

ఒకప్పుడు తాటిచెట్టుకు కాయలే ఉండేవి కావు. ఉన్నదంతా పొడుగే. గరగరలాడే ఆకులు నెత్తిన పెట్టుకుని, ఎప్పుడూ పైకే చూస్తూ నిలబడేది. "నా అంత ఎత్తు ఎవరున్నారు? దేవుడు దగ్గినా నాకు వినిపిస్తుంది" అని గాలితో గొప్పలు చెప్పుకునేది.

ఆ చెట్టుకు దగ్గర్లో నూకాలు అనే ఆమె మేకలు కాసుకుంటూ బతికేది. ఆమెకు ఒక్కతే కూతురు, చిట్టెమ్మ. తల్లీకూతుళ్లు పొద్దున్నే గుమ్మం పక్కన దీపం పెట్టి, "సామీ, చల్లగా చూడు" అని దండం పెట్టుకుని, అప్పుడు మేకల్ని తోలుకుపోయేవారు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. బావుల్లో అడుగున బురద మిగిలింది. చిట్టెమ్మకు వడదెబ్బ తగిలింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నూకాలు ఒళ్లో పడుకోబెట్టుకుని కొంగుతో విసిరింది, దేవుణ్ణి పేరుపెట్టి పిలిచింది. గొంతు తడపడానికి గుక్కెడు చల్లటి నీళ్లు ఎక్కడా దొరకలేదు.

చిట్టెమ్మ బతకలేదు.

ఊళ్లోవాళ్లు పలకరించడానికి వచ్చారు. "పోయిన జన్మలో ఏం పాపం చేశావో నూకాలూ" అంది ఒకావిడ. "మొక్కేదైనా మరిచిపోయావేమో, గుర్తు తెచ్చుకో" అన్నాడు ఒక పెద్దాయన. నూకాలు అన్నీ విన్నది. ఏ మాటా ఆమె బాధను తాకలేదు. మర్నాటి నుంచి గుమ్మం పక్కన దీపం వెలగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తాటిచెట్టు కింద కూలబడింది. ముసలి మేక వచ్చి మోకాలికి తల ఆనించి, "అమ్మా, ఇట్లా కుమిలిపోతే ఎలా? ఈ చెట్టు దేవుడికి దగ్గరనని రోజూ చెప్తుంది కదా, దాన్నే అడుగు" అంది.

నూకాలు తలెత్తి చూసింది. "తాటమ్మా! నా బిడ్డ ఎవరికీ కీడు చేయలేదు. దానికి ఇట్లా ఎందుకైందో నీ దేవుణ్ణి అడిగి చెప్పు."

తాటిచెట్టు తడబడింది. గొప్పలకు చెప్పిన మాటేగానీ, అది దేవుడితో ఎన్నడూ మాట్లాడలేదు. అయినా కింద కూర్చున్న తల్లి మొహం చూశాక కాదనలేకపోయింది.

మొదట సూర్యుణ్ణి అడిగింది. "నేను రోజూ వచ్చే దారినే వచ్చాను. చిన్నపిల్లని కాల్చాలని రాలేదు" అని సూర్యుడు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు చెట్టు ఇంకా పొడుగు సాగింది. వేళ్లు నొప్పిపెట్టాయి, కాండం వణికింది. మబ్బులు దాటి తల పైకి పెట్టి కేకేసింది. "సామీ! కింద ఒక తల్లి ఏడుస్తోంది. ఎందుకిట్లా అయిందని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

దేవుడు ఏమీ చెప్పలేదు. ఆయన కళ్లలోంచి నీళ్లు జారి తాటిచెట్టు తలమీద పడ్డాయి. మన కన్నీళ్లలా వేడిగా లేవు, ఉప్పగా లేవు. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

 ఆ నీళ్లు కిందికి చేరేలోపే ఎండ తాగేస్తుందని తాటిచెట్టుకు భయం వేసింది. గబగబా ఒక్కో చుక్కనీ మెత్తని గుజ్జులో దాచింది, గుజ్జు మీద పల్చటి పొట్టు కప్పింది, పైన గట్టి నల్లటి బుర్ర తొడిగింది. గెల నిండా కాయలు! వాటిని మెల్లగా కిందికి రాల్చింది.

"ఏం చెప్పాడు?" అని అడిగింది నూకాలు.

"ఏమీ చెప్పలేదు తల్లీ. ఏడ్చాడు. ఇవి ఆయన కన్నీళ్లు."

 నూకాలు కొడవలి తీసి ఒక కాయ చెక్కింది. లోపల కళ్లలా మెత్తని ముంజలు కనిపించాయి. ఒక కంట్లో బొటనవేలు గుచ్చితే చల్లటి నీళ్లు చిమ్మి ఆమె మొహం మీద పడ్డాయి.

అంతలో పక్కింటి సింహాచలం కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "నూకాలక్కా! మా పైడికి వడదెబ్బ కొట్టింది. నీళ్లేమైనా ఉన్నాయా అక్కా?"

పైడి మొహం అచ్చం ఆ రోజు చిట్టెమ్మ మొహంలా వాడిపోయి ఉంది.  'ఈ నీళ్లు ఆరోజే వచ్చి ఉంటే' అనుకుంది నూకాలు. చేతిలో కాయను గట్టిగా పట్టుకుంది.

మరుక్షణం పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నోరు తెరు అమ్మీ" అంటూ ఒక్కో కన్నూ పిండి గొంతులో పోసింది. ముంజలు తీసి నుదుటికీ పాదాలకీ రాసింది. కాయ తర్వాత కాయ చెక్కుతూనే ఉంది.

పొద్దు వాలేసరికి పైడి కళ్లు తెరిచి, "ఇంకా కావాలి" అంది.

సింహాచలం నూకాలు చేతులు పట్టుకుని భోరుమన్నాడు. నూకాలూ ఏడ్చింది. కానీ ఒంటరిగా ఏడ్చినట్టు లేదు.

ఇంటికి వెళ్లి గుమ్మం పక్కన దీపం పెట్టింది. "సామీ, ఎందుకైందో నాకింకా తెలీదు. నా చిట్టెమ్మ కోసం నువ్వూ ఏడ్చావు. నీ కన్నీళ్లతో ఇంకో అమ్మ బిడ్డని బతికించావు. నీకు దండం" అంది.

తాటిచెట్టు ఆ మాటలు విన్నది. ఇంకెన్నడూ గొప్పలు చెప్పుకోలేదు.

అప్పటినుంచే తాటిచెట్టు ఎండలు మండిపోయే రోజులు చూసుకుని మరీ ముంజలు కాస్తుంది. బొటనవేలు గుచ్చితే ఇప్పటికీ తియ్యటి నీళ్లు మొహం మీద చిమ్ముతాయి, చల్లగా.