పది పాతర్ల జొన్నలు

అనగా అనగా, వానకంటే ఎండే ఎక్కువగా చుట్టపుచూపుకొచ్చే ఒక సీమలో, నలభై గడపల ఊరొకటి ఉండేది. ఇల్లిల్లూ లెక్కపెడితే నలభయ్యే. ఒకటెక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. ఆ ఊరి పొలిమేరలో రాజుగారి పాతర్లు పది ఉండేవి. పాతరంటే తెలుసునా చిట్టీ? నేలలో బావిలాగా గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, నిండా జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టితో మెత్తుతారు. ఎన్నేళ్ళయినా గింజ చెడదు. ఒక్కొక్క పాతర్లో నూరు కుంచాల జొన్నలు. పది పాతర్లలో కలిపి ఎన్ని? ఆ, వెయ్యి. సూరిగాడు ముందే చెప్పేశాడు.

కుంచమంటే ఎంత అంటారేమో. నాలుగు గిద్దలు పోస్తే సోల, నాలుగు సోలలు పోస్తే మానిక, నాలుగు మానికలు పోస్తే కుంచం. గిద్ద సోలలోకి, సోల మానికలోకి, మానిక కుంచంలోకి. ఇది నోటికి పట్టించుకోండి, ఈ కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఆ ఊళ్ళో గింజలు కొలిచే పెద్దాయన పేరు బయ్యన్న. నలభై ఏళ్ళుగా ఆయనే కొలిచేవాడు. మొదటి మానికను ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు. మానిక నిండాక ఇంకా పోసి, పైన గోపురంలాగా నిలబెట్టి, అప్పుడు ఒళ్ళో వేసేవాడు. బయ్యన్న చెయ్యి పెద్దదని ఊరంతా చెప్పుకునేది. ఇచ్చే చెయ్యి గోపురం పెట్టాలని ఆయన తండ్రి చెప్పాడట, ఆయన తండ్రికి ఆయన తాత చెప్పాడట.

ఊ కొడుతున్నారా?

ఆ బయ్యన్నకి భార్య పోయింది. కొడుకు పశువుల్ని తోలుకుని గడ్డి ఉన్న కొండల దిక్కుకి వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది ఆయనా, కోడలు లింగమ్మా. ఆయనకి ఈమధ్య ఒక దిగులు పట్టుకుంది. చేతికర్ర ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. అన్నం తిన్నాడో లేదో మరిచిపోతాడు. ఒకరోజు కోడల్ని చనిపోయిన భార్య పేరుతో పిలిచి, పిలిచాక తెలిసి, రోజంతా మాట్లాడకుండా కూర్చున్నాడు. రేపు మానిక లెక్క మరిచిపోతే? ఆ మాట పైకి అనేవాడు కాదు. లోపల అది పురుగులాగా తొలిచేది.

అలా ఉండగా ఆ ఏడు వాన రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. చెరువు బీటలు వారింది. అప్పుడు రాజుగారు కబురు పంపాడు. ఇంకా నూరు రోజులకిగానీ వానకారు రాదు, పాతర్లు తెరవండి, రోజుకి ఇంటికొక మానిక చొప్పున ఇవ్వండి అని. ఊరి కరణం సింగరయ్య లెక్క కట్టాడు. నలభై ఇళ్ళకి నలభై మానికలు. నాలుగు మానికలు కుంచం కాబట్టి రోజుకి పది కుంచాలు. నూరు రోజులకి వెయ్యి కుంచాలు. పాతర్లలో ఉన్నవీ వెయ్యే. సరిగ్గా సరిపోయింది. ఊరు ఊపిరి పీల్చుకుంది.

రోజుకి పది కుంచాలంటే, నూరు కుంచాల పాతర ఎన్ని రోజులు రావాలి? పది రోజులు. పది రోజులకొక పాతర. బాగానే ఉంది కదా.

అరవయ్యో రోజున రాజుగారు స్వయంగా ఊళ్ళోకి వచ్చాడు. అరవై రోజులకి ఆరు పాతర్లు ఖాళీ అయి, నాలుగు బండలు మూసి ఉండాలి. చూస్తే రెండే మూసి ఉన్నాయి. ఏడు పాతర్లు అడుగంటాయి, ఎనిమిదోది సగానికి దిగింది. నూటయాభై కుంచాలు లేవు.

కరణం మొహం మాడిపోయింది. తన పుస్తకంలో రోజుకి నలభై మానికలే రాసి ఉన్నాయి. "ఏం బయ్యన్నా, జొన్నలకి రెక్కలొచ్చాయా? లేక మీ కోడలి అటకమీద గూడు కట్టుకున్నాయా?" అన్నాడు. జనం కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు, ఎందుకంటే వాళ్ళు అప్పటికే మనసులో లెక్క వేసుకుంటున్నారు, ఇంక ఎన్నాళ్ళు తింటామా అని.

రాజుగారు నవ్వలేదు, అరవలేదు. రేపు పొద్దున్నకల్లా ఆ గింజలు ఏమయ్యాయో చెప్పమన్నాడు. చెప్పలేకపోతే బయ్యన్న ఇంటివాళ్ళు ఊరు విడిచిపోవాలన్నాడు. కరువులో ఊరు విడవడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఏ ఊళ్ళోనూ కొత్తవాళ్ళకి గంజి పోసేవాళ్ళుండరు.

బయ్యన్న ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. తను దొంగతనం చెయ్యలేదని ఆయనకి తెలుసు. కానీ తనకి తెలిసినవన్నీ నిజమేనా అని ఆయనకి అనుమానం. ఎవరికైనా రెండుసార్లు కొలిచానేమో. లాభం అని, మళ్ళీ ఒకటి అని మొదలుపెట్టానేమో. ఎవరైనా అడిగితే ఇచ్చి మరిచిపోయానేమో. ఇలా ఆలోచించీ ఆలోచించీ, చివరికి అన్నాడు.

"లింగీ, రేపు ఒప్పేసుకుంటానమ్మా. తప్పు నాదేనని చెప్పి నేనొక్కణ్ణే పోతాను. నువ్వు ఉండు."

"ఏం ఒప్పుకుంటావు మామా?"

"మరిచిపోయానని."

"ఏం మరిచిపోయావు?"

"అదే గుర్తులేదు కదా" అన్నాడు.

లింగమ్మ ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక, చాటలో ఉన్న జొన్నలకేసి చూస్తూ కూర్చుంది. అవి ఆ పొద్దున వాళ్ళింటికి కొలిచిన మానిక గింజలు. ఆ గొడవలో పొయ్యి వెలిగించనేలేదు.

ఆమె చదువుకున్నది కాదు. కానీ లెక్కని చూసి భయపడేది కాదు. పెద్ద లెక్క ఎదురైతే దాన్ని విరిచి, ఒక్క రోజుకి ఎంత, ఒక్క మనిషికి ఎంత అని చిన్నది చేసుకునేది. నూటయాభై కుంచాలంటే ఆరువందల మానికలు. అరవై రోజుల్లో ఆరువందలు పోతే, రోజుకి ఎన్ని? పది. చెప్పండి, పదేనా? పదే.

"మామా, నువ్వు రోజుకొకసారి లాభాన్ని మరిచిపోయావనుకో. అరవై రోజులకి అరవై మానికలు పోతాయి. పోయినవి ఆరువందలు. రోజుకి పదిసార్లు మరిచిపోవాలి, అదీ నలభై ఇళ్ళలో. అంత మరిచిపోయేవాడివైతే ఇంటికి దారి ఎలా దొరికింది నీకు?"

ముసలాయన తల ఎత్తాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. లింగమ్మ వదల్లేదు. అప్పుడు మెల్లిగా చెప్పాడు. పాతర తెరిచిన రోజునల్లా బండమీద సున్నంతో గీతలు పెట్టాడట, మరిచిపోతానేమోనన్న భయంతో, మొదటిరోజు నుంచి ఎన్నో రోజైతే అన్ని గీతలు. ఆ గీతల ప్రకారం ఒక్కొక్క పాతరా ఎనిమిది రోజులకే అయిపోయింది. పది రోజులు రావాలని కరణం అన్నాడు కాబట్టి, గీతలు పెట్టడంలో తానే పొరపాటు పడ్డాననుకుని ఎవరికీ చెప్పలేదు.

"అన్నీ ఎనిమిదేనా? ఒకటి ఏడూ ఒకటి తొమ్మిదీ లేదా?"

"ఏడు పాతర్లూ ఎనిమిదే."

లింగమ్మ లేచి నిలబడింది. "మామా, మరుపు ఇంత క్రమంగా ఉండదు. ఒకరోజు రెండు మరిచిపోతాం, ఒకరోజు ఏమీ మరిచిపోం. దొంగ కూడా ఇంత క్రమంగా రాడు. నలభై ఇచ్చినప్పుడల్లా ఇంకో పది పోతోందంటే, నాలుగు ఇచ్చినప్పుడల్లా ఇంకొకటి పోతోంది. అది నువ్వు చేసేపనిలోనే ఉంది, రోజూ ఒకేలా."

నిద్రొస్తోందా చిట్టీ? ఇంక కొంచెమే, కళ్ళు తెరువు.

ఆమె సోల తీసుకొచ్చింది. చాటలో జొన్నల్ని సోలలోకి పోసి, పైన పుల్లతో అడ్డంగా గీసి చదును చేసి, పక్కన పోసింది. ఒక సోల. రెండు. మూడు. నాలుగు. మానికకి నాలుగు సోలలే కదా, అక్కడితో అయిపోవాలి. చాటలో ఇంకా గింజలున్నాయి. మళ్ళీ పోసింది. అయిదో సోల నిండింది. చాట ఖాళీ అయింది.

బయ్యన్న మానిక పొట్టిది, మూతి వెడల్పు. ఆ వెడల్పు మూతిమీద నిలబడ్డ గోపురంలో ఒక సోలెడు గింజలుంటాయి. నలభై ఏళ్ళుగా ఎవరూ దాన్ని కొలవలేదు.

"మామా, రైతుల దగ్గర తీసుకుని పాతర్లో పోసేటప్పుడు ఎలా కొలిచేవాడివి?"

"కర్రతో గీసి, చదునుగా. రైతు దగ్గర గోపురం తీసుకుంటే పాపం కాదూ?" అన్నాడు బయ్యన్న. అంటూ అంటూనే ఆయనకి అర్థమైంది. తీసుకునేటప్పుడు దయ, ఇచ్చేటప్పుడూ దయ. రెండు దయల మధ్యా ఊరి తిండి జారిపోయింది.

మర్నాడు పొద్దున్న రాజుగారి ముందు లింగమ్మ దుప్పటి పరిచింది. నాలుగు మానికలు గోపురం పెట్టి పొయ్యమని మామకి చెప్పింది. పోశాడు. వాటినే మళ్ళీ కర్రతో గీసి కొలవమని కరణానికి ఇచ్చింది. కరణం కొలిచాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు అన్నాక తన పుస్తకం తెరిచి చూసుకున్నాడు. నాలుగు అని రాసుకున్నచోటల్లా అయిదు పోయాయి. ఆరువందల కుంచాలని రాసుకుంటే ఏడువందలయాభై పోయాయి. గింజ ఎవరూ దొంగిలించలేదు. ఊరే తినింది, తింటున్నట్టు తెలియకుండా.

రాజుగారు బయ్యన్నని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. కానీ నింద పోయిందిగానీ ఆకలి పోలేదు కదా. ఇంకా నలభై రోజులుంది. ఉన్నవి రెండున్నర పాతర్లు, అంటే రెండువందలయాభై కుంచాలు. రోజుకి ఆరుంపావు. అంటే ఇరవైయయిదు మానికలు. నలభై ఇళ్ళకి పంచితే ఇంటికి రెండున్నర సోలలు వస్తాయి. సరే, అంతే ఇవ్వండన్నాడు రాజుగారు.

లింగమ్మ కదల్లేదు. "అయ్యా, అన్నం తినేది ఇల్లు కాదు. కరణంగారింట్లో ఇద్దరున్నారు. కుమ్మరి గురవప్ప ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నారు. ఇంటికింత అంటే ఆ తొమ్మిదిమందిలో చిన్నవాళ్ళు ముందు పోతారు. నోటికింత అనండి."

మరి ఊళ్ళో నోళ్ళెన్ని అని రాజుగారు అడిగాడు. కరణం పుస్తకంలో ఇళ్ళే ఉన్నాయి, నోళ్ళు లేవు. అప్పుడు బయ్యన్న లేచాడు. నిన్న ఏం తిన్నాడో గుర్తులేని మనిషి, తూర్పు వీధి మొదటి ఇంటినుంచి మొదలుపెట్టాడు. వాళ్ళు ఆరుగురు, మొన్న కోడలు కనింది కాబట్టి ఏడుగురు. పక్కింట్లో నలుగురు. ఆ పక్కన ఒంటరి పుల్లమ్మ. ఇల్లిల్లూ చెప్పుకుంటూ పడమటి వీధి చివరిదాకా వెళ్ళాడు. కరణం రాసుకుంటూ వచ్చి మొత్తం కూడాడు. రెండువందలు. ఒక్క ఇల్లు తప్పలేదు, ఒక్క పసిగుడ్డు తప్పలేదు.

ఇరవైయయిదు మానికలంటే నూరు సోలలు. రెండువందల నోళ్ళు. మరి నోటికెంత, సూరీ? అర సోల. అంతే. పెద్దకైనా పేదకైనా అర సోల. కరణంగారింటికి ఒక సోల, గురవప్ప ఇంటికి నాలుగున్నర. కరణం భార్య రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదట, అది వేరే సంగతి.

ఆరోజు కొలవడం బయ్యన్నకి చాలా కష్టమైంది. గురవప్ప భార్య వచ్చి కొంగు పట్టింది. ఆయన సోల నింపాడు. చెయ్యి దానంతటదే ఇంకో గుప్పెడు పోసి గోపురం నిలబెట్టింది. నలభై ఏళ్ళ చెయ్యి. కర్ర తీసుకుని గియ్యాలి. గియ్యలేకపోయాడు. ఆమె కళ్ళు ఆ గోపురంమీదే ఉన్నాయి.

"ముసలాయనా, ఆ గుప్పెడు తీసేస్తావా?" అంది ఆమె.

"తీసేస్తానమ్మా. ఇది నీదే. ముప్పైతొమ్మిదో రోజున తింటావు, నలభయ్యో రోజున తింటావు. ఈరోజు పోసేస్తే ఆరోజు నీ పిల్లలకి నేనేం పొయ్యను?" అని, కర్ర అడ్డంగా లాగాడు. గోపురం పాతర్లోకి రాలింది. ఆమె కొంగు ముడేసుకుని వెళ్ళింది. తర్వాత వచ్చినవాళ్ళెవరూ అడగలేదు.

నలభై రోజులు అలాగే కొలిచాడు. లింగమ్మ పక్కన నిలబడి లెక్క పైకి చెప్పేది. మధ్యలో ఆయన ఎన్నోదో మరిచిపోయేవాడు. మొదట్లోలాగా సిగ్గుపడేవాడు కాదు. "ఎంతమ్మా లింగీ?" అని అడిగేవాడు. "పదిహేడు మామా" అనేది. పద్దెనిమిది అని కొలిచేవాడు. పలచని అంబలి తాగి ఊరు చిక్కిపోయింది, కానీ ఒక్క ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు. నలభయ్యో రోజుకి రెండు రోజుల ముందే వాన పడింది. ఆ వానలోనే కొండలనుంచి కొడుకు పశువుల్ని తోలుకొచ్చాడు. ఆ రెండువందల నోళ్ళూ ఆ వాన చూశాయి. ఒక్కరు తక్కువ కాలేదు.

అందుకని పిల్లలూ, ఏదైనా ఇంత అని ఎవరైనా చెప్తే, ఒక్కదానికెంత, ఒక్కరికెంత అని అడగండి. ఇంకొకటి. గుర్తుందో లేదో అని అనుమానమొస్తే నోరు మూసుకుని కుమిలిపోకండి. పక్కవాళ్ళని పిలవండి, మళ్ళీ కొలవండి. మరిచిపోవడం తప్పు కాదు, దాచుకుంటేనే ఊరు ఎండేది.

కథ కంచి దారి పట్టింది, మనం పక్కల దారి పడదాం. ఆ దుప్పటి ఇలా లాగు సూరీ. ఇద్దరికీ సగం సగం.