తెలుగులో చెప్పు

లేని జబ్బును సుమేధ రిపోర్టులో రాసేసింది.

నూకరత్నానికి ఐదో నెల స్కాన్ అది. బిడ్డ గడ్డం ఉండాల్సిన చోట ఆమెకు నీడ తప్ప ఏమీ కనిపించలేదు. 'అగ్నాథియా' అని టైపు చేసి, సంతకం కోసం గురువు హైమావతి గారి గదికి పట్టుకెళ్లింది.

ఆవిడ అడక్కుండానే ఆ మాటను విడదీసి చెప్పింది. గ్రీకులో 'అ' అంటే లేదని, 'గ్నాథోస్' అంటే దవడ అని. దవడల్లేని పాతకాలపు చేపలకూ ఆ వేరు నుంచే పేరు పెట్టారట. ఇలాంటి బిడ్డ పుట్టినా బతకదని, చాలామంది డాక్టర్లకి జీవితంలో ఒక్కసారైనా దొరకని కేసని అంటుంటే ఆమె గొంతులో ఉత్సాహం దాగలేదు.

ఆ సంతకం పడితే గర్భం తీసేయించుకోమంటారు.

హైమావతి పెన్ను మూత పెట్టేసింది. సుమేధను వెంటబెట్టుకుని స్కాన్ గదిలోకి నడిచి, బల్ల మీద పడుకున్న నూకరత్నం పక్కన స్టూలు వేసింది.

"కూర్చో. ఈవిడకి గ్రీకు రాదు. తెలుగులో చెప్పు."

సుమేధ కూర్చుంది. నూకరత్నం పొట్ట మీది జెల్ తుడుచుకుంటూ ఆమె వైపు తిరిగింది.

"బిడ్డ బాగుందాండీ?"

"మీ బిడ్డకి..." అని సుమేధ ఆగిపోయింది. ఇంకా 'దవడ లేదు' అనే రెండే మాటలున్నాయి. అవి నోట్లోంచి రాలేదు. గురువు వైపు తిరిగి, "ఇంకోసారి చూస్తాను మేడమ్" అంది.

హైమావతి అదేమీ పట్టించుకోనట్టు నూకరత్నాన్ని టిఫిన్ తిన్నావా అని అడిగింది. స్కాన్‌కి ఖాళీ కడుపుతో రావాలేమోనని తినలేదట. కడుపులో ఏదైనా పడితే బిడ్డ కదులుతుందని చెప్పి, ఇడ్లీ తిని, వరండాలో నాలుగు అడుగులు వేసి రమ్మని పంపింది.

ఆమె తిరిగొచ్చాక సుమేధ మళ్లీ స్కాన్ చేసేసరికి బిడ్డ పక్కకి తిరిగి ఉంది. ఇందాక ఛాతీకి ఆనించుకున్న తల ఇప్పుడు పైకెత్తింది. గుండ్రంగా చిన్న గడ్డం. చూస్తుండగానే నోరు తెరిచి గుటక వేసింది.

సుమేధ వేలితో తెర మీద చూపించింది. "ఇదిగో, మీ బిడ్డ గడ్డం. ఇది దవడ. బాగుంది."

"అచ్చం వాళ్ల నాన్నే" అంది నూకరత్నం. "టిఫిన్ పడితే గాని ముఖం చూపించడు."

హైమావతి నవ్వింది. సంతకం లేని కాగితాన్ని సుమేధ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎన్నేళ్లయినా సుమేధ ముందుగా టైపు చెయ్యలేదు. స్టూలు లాక్కుని తల్లి పక్కన కూర్చునేది. తెలుగులో చెప్పగలిగిందే రాసేది. చెప్పలేనప్పుడు, టిఫిన్ తిని రమ్మనేది.