ఓబుళక్క తట్ట

"గండి పడింది రో, కట్టకు గండి" అని వీధి చివర నుంచి కేక.

ఆ కేక మన తాతల తాతలు ఉయ్యాల్లో ఉన్ననాటిది. అప్పటి రాజు పేరు నాకు తెలియదు గానీ, కేక వేసిన మనిషి పేరు తెలుసు. నీరుగంటి ఓబుళక్క. చెరువు తూము ఎత్తి, ఎవరి మడికి ఎన్ని నీళ్ళో పంచే మనిషి. మొగుడు పోయాక ఆ పని తనే చేస్తోంది. ఆస్తి అంటే ఒక పార, ఒక తట్ట. కట్ట కింద నారు పోసి ఉంది. చెరువు పోతే నారు పోతుంది, నారు పోతే ఊరు మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఊరంతా కట్టెక్కింది. చూసింది. "అయ్యో" అంది. దిగింది.

"పూడ్చండయ్యా" అంది ఓబుళక్క.

"దివాణం ఇస్తుంది కదక్కా" అన్నాడు పెద్దరెడ్డి. "కట్టల బాగుకు ధాన్యం ఇస్తామని రాజుగారు చాటింపు వేయించె. అది రానీ, కూలోళ్ళు పూడుస్తారు."

నిజమే, మంచి రాజు. చిక్కంతా ఆ మంచి దివాణం నుంచి ఊరిదాకా నడిచి రావడంలోనే ఉంది.

ఓబుళక్క మూడు పగళ్ళు నడిచి దివాణానికి పోయింది.

"గండి ఎంత?" అన్నాడు అర్జీలు రాసే పంతులు.

"మూరెడు సామీ."

"ఎవరి మూర?"

"నాదే. ఇదిగో, ఈ చెయ్యి."

"నీ చెయ్యి దివాణం కొలతా? కొలిచే మనిషి వస్తాడు, పో."

ఈలోగా వాన కురిసింది. కొలిచే మనిషి గుర్రమెక్కి వచ్చాడు. కట్టెక్కాడు, చూశాడు, మజ్జిగ తాగాడు. "మూరెడన్నావు, బారెడుంది. ఈ అర్జీ చెల్లదు, మళ్ళీ పెట్టు" అని పోయాడు.

మళ్ళీ మూడు పగళ్ళు నడక. "బారెడు సామీ." మళ్ళీ వాన. మళ్ళీ గుర్రం, మళ్ళీ చూపు, మళ్ళీ మజ్జిగ. "బారెడెక్కడ, రెండు బారలుంది. మళ్ళీ పెట్టు."

మూడోసారి పంతులు కలం ఎత్తి "ఎంత?" అన్నాడు.

"నాకేం తెలుసు సామీ. నేనిక్కడ చెప్పేలోగా అదక్కడ పెరగతా ఉంటుంది."

"తెలీకుండా వస్తే ఎట్లా?"

ఓబుళక్కకు విసుగు నెత్తికెక్కింది. తిరిగొచ్చింది. వచ్చి చూస్తే ఏముంది, ఊరు కట్ట మీదే ఉంది. చూస్తోంది. "అయ్యో" అంటోంది.

మర్నాడు పొద్దున్నే కట్టెక్కే దారికి అడ్డంగా తట్ట, పార పెట్టుకుని కూర్చుంది.

"జరుగక్కా, చూసి పోతా" అన్నాడు పెద్దరెడ్డి.

"చూడన్నా. తట్టెడు మట్టి మోసుకుపోయి చూడు. ఉత్త చేతుల్తో ఎక్కేది లేదు."

"నేనా? మట్టా?"

"మరి మజ్జిగ మొయ్యమంటానా?"

పక్కవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళకూ వాళ్ళ ఇళ్ళ తట్టలే తెప్పించి తలా ఒకటి అందించింది. చూడకుండా ఉండలేని ఊరది, అదే కలిసొచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎంత పూడిందో చూద్దామని సాయంత్రం ఇంకోసారి.

మూడో రోజుకు, అర్జీ ఏమైందో కనుక్కోమన్నారని గుర్రం మనిషి మళ్ళీ దిగాడు.

"నేను దివాణం మనిషిని" అన్నాడు.

"అందుకే నీకు పెద్ద తట్ట తీసిపెట్టినా."

మోశాడు పాపం. ఆఖరి తట్ట అతనిదే. చేతులు దులుపుకుని కొలకర్ర తీశాడు. "గండి ఏదీ?"

"ఇప్పుడేగా నువ్వే పూడ్చితివి."

"మరి నేనేం రాసుకోవాలి?"

"సున్నా అని రాసుకో సామీ. దానికి ఎవరి మూరైనా ఒకటే."

చెరువు నిలిచింది. నారు నాట్లకొచ్చింది. ఏళ్ళు గడిచాయి, ఓబుళక్క కాలం చేసింది. సరిగ్గా ఆమె పెద్దదినం నాడు వీధి చివర నుంచి ఇంకో కేక. "బండ్లొచ్చినాయి రో."

మూడు బండ్ల ధాన్యం. మూరెడు గండి పూడ్చడానికని తాకీదులో రాసి ఉంది.

"గండి లేదు, వెనక్కి తోలుకుపోండి" అన్నాడు పెద్దరెడ్డి.

"వెనక్కి తెమ్మని రాయలేదే" అన్నాడు బండివాడు.

పెద్దరెడ్డి ఒక మూట విప్పి గింజలు చేతిలోకి తీసుకున్నాడు. చివరికి "అక్క పెద్దదినమే కదా, వండండి" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏటా ఆ రోజు కట్ట మీదే వంట. కొత్తల్లుడైనా, జీపు దిగిన ఆఫీసరైనా ముందు ఓబుళక్క తట్ట మోయాల్సిందే. ఉత్తినే చూసి పోతానన్నవాణ్ణి "ఎవరి మూర?" అని ఆటపట్టిస్తారు. ఈ ఆనవాయితీ మొదలైంది ఆ బండివాళ్ళతోనే. ఆకుల ముందు కూర్చోబోతుంటే ఊరు ఊరంతా "ముందు తట్టెడు మట్టి" అంది. గొణుక్కుంటూ మోశారు, పోశారు, చేతులు కడుక్కున్నారు.

మొదటి ఆకు ఆమె తట్ట ముందు వేశారు. అప్పుడు అందరూ ఒకే బంతిన కూర్చుని తిన్నారు.