కొత్వాలు పోలిక

వెనకటికి నాగవరం సంతలో పగటివేషగాడు సిద్దన్న కొత్వాలు వేషం కట్టి, కోళ్లు కాజేస్తున్నట్టు ఆడితే జనం పగలబడి నవ్వారు. అసలు కొత్వాలు భైరవప్పకు ఒళ్లు మండింది.

"రేపు నా పోలిక ఒక్కటి కనబడినా నీ వేషాల పెట్టె తగలబెడతాను!"

మర్నాడు సిద్దన్న ఆటలో కొత్వాలు లంచం వద్దన్నాడు, ముసలమ్మ కోడిని వెతికి తెచ్చిచ్చాడు. జనం రెండింతలు నవ్వారు.

"ఈయన ఏ దేశపు కొత్వాలురా!"

భైరవప్పకు అంతా అయోమయం. మంచివాణ్ణి చూసి నవ్వడమేమిటి? కాగడా పట్టుకుని మీదికొచ్చాడు.

సిద్దన్న చేతులు కట్టుకున్నాడు. "మీ పోలిక కనబడిందా దొరా? కనబడితే పెట్టె కాల్చేయండి."

కనబడిందంటే మంచి కొత్వాలును తనే కాల్చినట్టు. లేదంటే తాను మంచివాడు కాదని ఒప్పుకున్నట్టు.

ఏమనాలో తేలకముందే కాగడా కాలి భైరవప్ప చేతికంటింది.