వద్దన్న చిలక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏటి పొడుగునా ఒక రాజ్యం. రాజ్యం పేరు కలువలంక, రాజు పేరు ధర్మకేతుడు. రాజుగారికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయకేతు, కత్తి తిప్పితే గాలి రెండు ముక్కలయ్యేది. రెండోవాడు విజయకేతు, నోరు తెరిస్తే శాస్త్రాలు వరసకట్టి నిలబడేవి. మూడోది ఆడపిల్ల, తరళ. ఆ పిల్లకు కత్తీ రాదు, శాస్త్రమూ రాదు. "ఎందుకు?" అని అడగడం వచ్చు. అడిగాక జవాబు వచ్చేదాకా కదలకపోవడం వచ్చు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. సభ గుమ్మం పక్కన తాటికర్ర ఒకటి ఆనించి ఉండేది. దాన్ని అడ్డుకర్ర అనేవారు. రాజ్యంలో ఏ పని తలపెట్టినా జనం సభకు వచ్చి చేతులెత్తాలి. కానీ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కర్ర తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెడితే చాలు, పని ఆగిపోవాలి. పెట్టినవాళ్లు మనసు మార్చుకుని తీసేదాకా ఆగాలి.

ఎందుకలా అంటారా? తరళ తాతగారి కాలంలో ఏటికి కొత్త పాయ తవ్వాలనుకున్నారు. ఊరూవాడా చేతులెత్తింది. దిగువన బెస్తగూడెంలో పదకొండు ఇళ్లవాళ్లు మాత్రం, "వద్దు బాబూ, నీళ్లు మా మీదికొస్తాయి" అన్నారు. పదకొండు ఇళ్ల మాట ఎవరికి కావాలి? పాయ తవ్వారు. తొలి వానకే పదకొండు ఇళ్లూ ఏట్లో కలిసిపోయాయి. తాతగారు మోకాలి లోతు బురదలో నిలబడి ఏడ్చారు. కొట్టుకొచ్చిన ఒక ఇంటి దూలాన్ని కర్రగా చెక్కించి, సభ గుమ్మం దగ్గర పెట్టించారు. యాభై ఏళ్లలో దాన్ని జనం ముట్టుకున్నది మూడంటే మూడుసార్లు.

అప్పుడొచ్చాడు ధూమకర్ణుడు. మాయలమారి. వాడి చెవుల్లోంచి సన్నగా పొగ వస్తుండేది. ఊరి చివర గుడిసె వేసుకున్నాడు, పొయ్యి రాజేశాడు, "నేనూ మీవాణ్ణే" అన్నాడు. అన్న మర్నాడే సభకొచ్చి కర్ర అడ్డం పెట్టాడు.

సంత రోజు మార్చుకుందామన్నారు. కర్ర పెట్టాడు. బడికి కప్పు వేద్దామన్నారు. కర్ర పెట్టాడు. ఏటి కరకట్టకు బీట పడింది, మట్టి పోద్దామన్నారు. దానికీ కర్ర పెట్టాడు.

"ఎందుకయ్యా?" అంటే, "నాకిష్టం లేదు" అనేవాడు.

"ఏమిస్తే ఇష్టమవుతుంది?" అంటే, అప్పుడు నవ్వేవాడు.

సంతకోసం పట్టపుటేనుగు అడిగాడు, ఇచ్చారు. బడికప్పు కోసం, ఇక మీదట కర్ర నా గుడిసెలోనే ఉండాలన్నాడు, ఇచ్చారు. ఇంకేముంది? ఇంకెవరూ దేనికీ వద్దనలేరు. ఏది కావాలన్నా వాడి గుమ్మం ముందు నిలబడాల్సిందే. నెత్తిన కిరీటం లేదు, వెనక సైన్యం లేదు. చేతిలో కర్ర ఉంది. రాజ్యం వాడిదైపోయింది. చివరికి కరకట్ట కోసం రాజుగారి కిరీటమే అడిగాడు. వానలకు నాలుగు నెలలుంది. వేలు పట్టే బీట చెయ్యి పట్టేంత అయింది.

పెద్దన్న కత్తి దూశాడు. నరికితే పొగను నరికినట్టే అయింది. ధూమకర్ణుడు మెడ తడుముకుని, "నాయనా, నా ప్రాణం నా ఒంట్లో పెట్టుకుని తిరగడానికి నేనేమన్నా మీలాంటివాడినా? ఏడు సముద్రాల అవతల ముల్లుగుట్ట మీద ఇనుప పంజరం. అందులో రామచిలక. ఆ చిలకలో ఉంది. వెళ్లి తెచ్చుకో, సరదాగా ఉంటుంది" అన్నాడు.

రెండో అన్న, "అసలు కర్ర ఆచారమే తీసేద్దాం, పదిమంది మాటే చెల్లనిద్దాం" అన్నాడు. సభ కూడింది. వేల చేతులు లేచాయి. ధూమకర్ణుడు ఆవులిస్తూ లేచి, కర్ర తీసేసే పనికి కర్ర అడ్డం పెట్టి కూర్చున్నాడు.

తరళ బెస్తగూడేనికి వెళ్లింది. ఆనాటి పదకొండు ఇళ్లలో పుట్టిన నూకాలమ్మ అక్కడ వల బాగుచేసుకుంటోంది.

"అవ్వా, ఆ కర్ర బలవంతంగా లాక్కుని విరిచేస్తామంటున్నాడు మా చిన్నన్న."

"ఇరిసేత్తే?"

"ధూమకర్ణుడి పీడ పోతుంది."

"పోతాది. పై ఏడు మీవోళ్లకి ఇంకో పాయ కావాలనిపిత్తాది. అప్పుడు మా సేతిలో ఏటుంటాది తల్లీ?"

"ఉంచితే వాడు మనందర్నీ ముంచుతాడు కదా?" అంది తరళ.

"అదీ నిజమే. రెండూ నిజమైనప్పుడు నానేటి సెప్పగలను?" అంది నూకాలమ్మ. వల పక్కన పెట్టి మనవణ్ణి పిలిచింది. "సింహాద్రీ, ఆ సిలక కాడికి పడవ తియ్యరా. ఈ గుంట ఎలాగూ ఊరుకోదు."

సింహాద్రి ఏటి మీద పుట్టి సముద్రం మీద పెరిగినవాడు. పడవ కట్టు విప్పుతుంటే ధూమకర్ణుడు పరుగున వచ్చి రేవులో కర్ర అడ్డం పెట్టాడు. తరళ దాన్ని దాటి పడవెక్కింది.

"అడ్డుకర్ర దాటావు" అన్నాడు వాడు.

"రాజ్యం పనికైతే ఆగుతాను తాతా. ఇది నా షికారు. ఒక మనిషి ఎటు నడవాలో చెప్పడానికి కాదు మా తాతగారు ఆ కర్ర చెక్కించింది."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడో సముద్రంలో తిమింగిలం ఒకటి దారికడ్డంగా పడుకుని ఉంది.

"కాస్త జరుగుతావా అమ్మా?" అంది తరళ.

"జరగను. నా పక్కనే పిల్ల పడుకుంది."

తెడ్డుతో ఒక్క పోటు పొడుద్దామన్నాడు సింహాద్రి. "వద్దందిగా" అంది తరళ. ఒకరోజు ఆగారు, రెండు రోజులు ఆగారు, మూడు రోజులు ఆగారు. పిల్ల లేచింది. "నా జన్మలో నాకోసం ఆగిన పడవ మీదొక్కటే" అని, తల్లి తిమింగిలం పడవను వీపు మీద పెట్టుకుని మూడు సముద్రాలు దాటించింది.

ఆరో సముద్రం లంకలో చీమలబారు ఎండుకొమ్మ మీదుగా నీళ్లు దాటుతోంది. బారంతా "పదండి పదండి" అంటోంది. ఒక కుంటిచీమ మాత్రం, "ఆగండి, కొమ్మ పుచ్చింది" అంటోంది. నడవలేక సాకులు చెబుతోందని మిగతావి నవ్వాయి. తరళ వంగి కొమ్మ ముట్టుకుంది. సగం పొడై రాలింది. అరచెయ్యి చాపితే చీమలన్నీ దాని మీదుగా దాటాయి. కుంటిచీమ దిగలేదు. "నా మాట విన్నదానివి నువ్వొక్కతెవే. నీతోనే వస్తా" అని చెవి వెనకాల కూర్చుంది.

ఏడో సముద్రమూ దాటితే ముల్లుగుట్ట. పేరుకు తగ్గట్టే ముల్లులా నిటారుగా ఉంది. కింద ఎద్దంత గద్ద. "నేను మోసుకెళ్తా. చిలక మాంసంలో సగం నాది" అంది.

"చిలక నాది కాదుగా, సగం ఎలా ఇస్తాను?"

"ఎలాగూ చంపడానికే కదా పోతున్నావు?"

గద్ద ఆశ కొద్దీ ఇద్దర్నీ మోసుకెళ్లింది.

గుట్ట కొన మీద పంజరం. కుంటిచీమ తాళంలోకి దూరి గడియ కదిపింది. లోపల చిలక గుప్పెడంత ఉంది, అంతే. ఆకాశం తప్ప ఏమీ చూడని చిలక. తరళ చెయ్యి పెట్టి దాని మెడ పట్టుకుంది. వేళ్ల కింద గుండె టకటకమంటోంది.

"వద్దు" అంది చిలక. గట్టిగా కూడా కాదు.

తరళ చెయ్యి ఆగిపోయింది.

"కానివ్వండి అమ్మాయిగోరూ" అన్నాడు సింహాద్రి. "అక్కడ వానలొచ్చేత్తాయి. లచ్చమంది ఉన్నారు."

"తెలుసు."

"ఇది ఒక్కటే కదా."

"మీ ఇళ్లూ పదకొండే కదా సింహాద్రీ."

సింహాద్రి దూరంగా వెళ్లి రాయి మీద కూర్చున్నాడు.

"నీలో వాడి ప్రాణం దాచేముందు నిన్ను అడిగాడా?" అంది తరళ.

"లేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మెడ పట్టుకునే ముందు నువ్వూ అడగలేదు."

తరళ సిగ్గుపడి చెయ్యి తీసేసింది. "ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలి?"

చిలక చాలాసేపు ఆలోచించింది. ఎవరూ అడగని ప్రశ్న కదా, దాని దగ్గర జవాబు తయారుగా లేదు. చివరికి, "జామకాయ అంటారట, అదెలా ఉంటుంది?" అంది.

"మా ఊళ్లో తోటలున్నాయి. వస్తానంటే తీసుకెళ్తా. రానంటే తలుపు తెరిచి పెట్టి పోతా."

"వస్తా" అంది చిలక.

తరళ దాన్ని కొంగులో దాచుకుంది. గద్ద వాళ్లను కిందికి దించింది గానీ వదల్లేదు. "కొంగులోంచి ఎప్పుడో ఒకప్పుడు బయటికి రాకపోదు" అంటూ పడవ వెనకే ఎగురుతూ వచ్చింది.

కలువలంక రేవు చేరేసరికి ఆకాశం నల్లబడి ఉంది. ధూమకర్ణుడు రొప్పుతూ ఎదురొచ్చాడు. చిలక కొంగులోంచి లేచి జామచెట్టు చిటారుకొమ్మ మీద వాలింది. వాడి చెవుల పొగ ఆగిపోయింది. తన ప్రాణం మీద తన మంత్రం పనిచేయదు మరి.

పెద్దన్న విల్లెక్కుపెట్టాడు. "చెల్లీ, పక్కకు జరుగు. ఒక్క బాణం."

"చిలక వద్దంది అన్నయ్యా."

"చిలక్కి కూడా సభలో చెయ్యుందా?"

"లేదు. అందుకే నేను నిలబడ్డాను."

తరళ చెట్టు ముందు నుంచి కదల్లేదు. చెల్లెలి గుండెకు గురిపెట్టి ఎంతసేపని నిలబడతాడు? విల్లు దించాడు.

ధూమకర్ణుడికి ఇదేమీ అర్థం కాలేదు. "ఏం కావాలి నీకు? కర్రేనా?" అన్నాడు.

"నాకొద్దు. అదిగో గద్ద. అవిగో చేలల్లో రాళ్లు విసిరే ఒడిసెళ్లు. ఊళ్లో ఎన్ని పిల్లులున్నాయో నాకే తెలీదు. ఇంటింటికీ వెళ్లి అడుగు తాతా, నా చిలకను కాస్త చూసుకోండని."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. మేమంతా ఎప్పుడూ ఇలాగే బతుకుతున్నాం. మా ప్రాణాలు కరకట్టలో ఉన్నాయి, పక్కింటివాళ్ల చేతుల్లో ఉన్నాయి, నీ కర్ర కింద ఉన్నాయి. నువ్వొక్కడివే ఏడు సముద్రాల అవతల దాచుకున్నావు."

వాడు వెళ్లాడు. ఏంచేస్తాడు? మొదటి ఇల్లు జొన్నచేను కాపువాళ్లది. "డబ్బా మోగిస్తాం గానీ రాయి విసరంలే" అన్నారు. రెండో ఇంట్లో ఏడు పిల్లులు. "కట్టేస్తాం, కానీ రోజూ నువ్వే వచ్చి పాలు పొయ్యి" అంది ఇల్లాలు. మూడో ఇల్లు కరకట్ట కిందున్న నూకాలమ్మది.

"కూకో నాయినా, తడిసిపోనావు" అని ఆమె చోడి అంబలి పోసింది. వాడు పీట మీద కూర్చుని రెండు గుక్కలు తాగాడో లేదో, కాళ్ల కింద చల్లగా తగిలింది. గోడ వారనుంచి నీళ్లు ఊరుతున్నాయి.

"ఇదెన్నాళ్లనుంచి?"

"నువ్వు కర్రెట్టిన కాణ్ణుంచీ."

"మరి నా దగ్గరికొచ్చి చెప్పలేదే?"

"సెప్పడానికొత్తే నీ గుమ్మంలో నిలబెట్టి అంపేసినావు. లోపలికి పిలిత్తే గదా సెప్పేది?"

వాడు అంబలి ముంత చేత్తో పట్టుకుని ఆ నీళ్లవంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, వానలో తడుస్తూ గుడిసెకు పోయి, కర్ర భుజాన వేసుకొచ్చి సభ గుమ్మం పక్కన ఆనించాడు. తట్ట ఎక్కడుందని అడిగాడు.

ఆ రోజు రాజుగారు మట్టి మోశారు, రాజుగారి కొడుకులు మోశారు, పట్టపుటేనుగూ మోసింది. ఏరు కట్ట అంచుదాకా వచ్చి, చూసి, వెనక్కి తగ్గింది. గద్దను కూడా తరళే అడిగింది. "చిలకే కావాలని కాదు, ఆకలి" అందది. బెస్తగూడెం ఆడవాళ్లు రోజూ చేప తలకాయలు పెడతామంటే సరేనంది.

మరి కర్ర సంగతి? తరళ సభలో లేచి ఇలా చెప్పింది. "కర్ర ఉండాలి. కానీ పెట్టినవాళ్లు, దానివల్ల నష్టపోయేవాళ్ల ఇంట్లో ఏడు రోజులు ఉండాలి. చేతులెత్తినవాళ్లు వంతులేసుకుని, వద్దన్నవాళ్ల ఇంట్లో ఏడు రోజులు ఉండాలి. అప్పటికీ వద్దంటే, వద్దనే."

అందరూ చేతులెత్తారు. పెద్దన్న లేచి కర్ర అడ్డం పెట్టాడు. "రాజకుమారుడు వాళ్లిళ్లలో వీళ్లిళ్లలో పడుకోవడమేమిటి?" అన్నాడు. పాత ఆచారం ప్రకారం ఆగాలి కదా, ఆగారు. ఎవరూ కత్తి తియ్యలేదు. రోజుకొకరు వచ్చి అతనితో మాట్లాడారు. రెండు నెలలు పట్టింది. అతను కర్ర తీసినరోజు మొదట కౌగిలించుకున్నది తరళే.

తర్వాత ఒకరోజు రేవులో తరళ, "సింహాద్రీ, నన్ను చేసుకుంటావా?" అంది.

"ఆలోచించుకోనివ్వండి అమ్మాయిగోరూ" అన్నాడు. మూడు రోజులు సముద్రం మీదికి పోయాడు. ఆ మూడు రోజులు తరళ అన్నం సరిగా తినలేదు, కానీ ఒక్కమారు కూడా కబురు పెట్టలేదు. మూడోనాడు తిరిగొచ్చి, "అమ్మాయిగోరూ అనడం మానేత్తే సేసుకోవచ్చేమో అనిపించింది" అన్నాడు. పెళ్లి పందిరి కరకట్ట మీదే వేశారు. చీమలు బియ్యం మోశాయి, తిమింగిలం రేవు బయట నీళ్లు చిమ్మింది.

రాజుగారు పెద్దవారయ్యాక తరళకు పట్టం కట్టారు. నలభై ఏళ్లు ఏలింది. ఆమె కాలంలో ప్రతి పనీ ఆలస్యమయ్యేదని గొణిగేవాళ్లు. నిజమే, అయ్యేది. ఏ గూడెమూ ఏట్లో మాత్రం కలవలేదు. చిలక ముప్పై ఏళ్లు తోటలో బతికింది. చివర్లో ముక్కు అరిగిపోతే ధూమకర్ణుడే జామముక్క నమిలి పెట్టేవాడు. అది పోయినరోజే, దాన్ని ఒళ్లో పెట్టుకునే ఆయనా పోయాడు. ఇద్దరి కోసమూ ఊరంతా ఏడ్చింది. పిల్లుల ఇల్లాలు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

చెప్పిన నోటికి మంచినీళ్లు, విన్న చెవులకు మంచి నిద్ర.